సూది ఒకటా, రెండా?

ఆదోని, ఎమ్మిగనూరు తట్టున ఒళ్ళంతా నొప్పులున్న మనిషికి వైద్యం దొరకదని ఎవరన్నా అంటే నమ్మొద్దండి. దొరకకపోవడమేంది! సూదులున్నాయి, సెలైన్లున్నాయి, స్కానింగులున్నాయి, నడుం బెల్టులున్నాయి, వాతం పొట్లాలున్నాయి, బస్టాండు దగ్గర మైకు పెట్టి అమ్మే నూనెలున్నాయి, తాయెత్తులున్నాయి. అన్నీ అంగట్లో ఉన్నాయి, ఆ మనిషికి పనికొచ్చేది తప్ప.

ఆ రోగానికి ఫైబ్రోమయాల్జియా అని పేరు. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది. కీలు అరగదు, కండరం చెడదు. నొప్పి కబురు మోసే నరాల వ్యవస్థే గోరంత బాధను కొండంత చేసి మెదడుకు చెప్తుంది. మెడ, భుజాలు, నడుం, తొడలు అన్నీ నొప్పే. రాత్రంతా పడుకున్నా పడుకున్నట్లుండదు. పొయ్యి మీద పాలు పెట్టింది గుర్తుండదు. రక్తపరీక్షలో గానీ ఎక్స్‌రేలో గానీ ఎమ్మారైలో గానీ ఇది దొరకదు. 1990లో అమెరికా రుమటాలజీ డాక్టర్లు ఒంటి మీద 18 చోట్ల వేలితో నొక్కి చూడమన్నారు, 11 చోట్ల నొప్పి ఉంటే ఇదేనన్నారు. 2010కి వచ్చేసరికి ఆ నొక్కుడు కూడా తప్పనిసరి కాదు, కూర్చోబెట్టి అడిగి తెలుసుకోండి అన్నారు. అడగాలంటే చెవులుంటే చాలు. డాక్టరు తన చెవులతో వింటే ఏ ల్యాబు వాడు కమీషన్ పంపిస్తాడు?

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో రాట్నం ముందర కూర్చొని పొద్దస్తమానం కండెలు చుట్టే ఒకామెను అనుకోండి. చేతులెత్తి జడ వేసుకోలేని స్థితికి వస్తే మొదట పోయేది సందు చివరి ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన అడిగేది ఒక్కటే: "ఏమక్కా, సూది ఒకటా, రెండా?" ఒకటి నొప్పిది. రెండోది వేస్తే ఇంకా బాగుంటుంది. ఆ రెండోది స్టెరాయిడ్ అని ఆయన చెప్పడు, ఆమె అడగదు. సాయంత్రానికి ఒళ్ళు దూదిపింజంత తేలికైపోతుంది. వారం తిరక్కముందే మళ్ళా అదే నొప్పి, అదే సందు, అదే సూది. స్టెరాయిడ్‌కు ఈ రోగం లొంగదు. లొంగేది ఆ మనిషే. షుగరొస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. పెళ్ళిలో కనబడిన చుట్టాలు ఆ ఉబ్బు చూసి, "మందు బాగా పట్టినట్లుందే వదినా, మొహంలో కళ వచ్చింది" అని ఆ ఆర్‌ఎంపీ అడ్రసు అడిగి తీసుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి. అక్కా అని పిలిచి కూర్చోబెడతాడు, రాత్రి తొమ్మిదింటికి పోయినా తలుపు తీస్తాడు. పెద్ద డిగ్రీల దగ్గర ఆ భాగ్యం కూడా లేదు.

తర్వాత మజిలీ కర్నూలో, బళ్ళారో. అప్పు చేసుకొని పోతే పరీక్షల చీటీ జానెడు పొడవుంటుంది. కొన్ని అవసరమే. థైరాయిడ్ కాదనీ, రక్తం తక్కువ కాదనీ, కీళ్ళవాతం కాదనీ తేల్చుకోవాలి. అయితే తేలినాక వైద్యం మొదలు కావాలి గదా? ఇక్కడ తేలినాక తలుపు మూస్తారు. "రిపోర్టులన్నీ నార్మలమ్మా, నీకేం లేదు. ఊరికే ఆలోచించొద్దు." పక్కనే అత్త ఉంటుంది. "నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్న్యా!" అంటుంది. వేలకు వేలు పోసి కొనుక్కొచ్చింది ఇంట్లో ఉచితంగా దొరికే మాటేనన్నమాట. రోగం లేదని తేల్చినాక ఆ లేని రోగానికే బలం టానిక్కు, గ్యాసు మాత్ర, క్యాల్షియం, నడుం బెల్టు రాసిస్తారు. లేనిదానికి ఇన్ని మందులేంటని అడిగే ఓపిక ఆమెకెక్కడిది?

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరండీ ఈ ఎమ్మిగనూరు. నేతగాణ్ణి దళారీ నోట్లోంచి లాగాలని పెట్టిన సంఘం. ఇప్పుడు నేతగాని పెండ్లాం ఒంటినొప్పి మీద బతికే దళారులు వీధికిద్దరు.

అసలు వైద్యమేమిటంటారా? రోగమేందో, ఎందుకు వస్తుందో విడమరిచి చెప్పడం, మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, నిద్ర, అవసరమైతే మాత్ర. 2017లో యూరప్ నిపుణులు ఉన్న వైద్యాలన్నీ జల్లెడ పట్టి, ఇది చేయాల్సిందేనని గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కదాన్నే. మన డాక్టరు కూడా చెప్తాడు, కాదనను. తల ఎత్తకుండా "డైలీ వాకింగ్ చెయ్యమ్మా" అంటాడు. ఎవరికి? కోసిగి నుంచి గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే వలసకూలికి, పోయొచ్చినామెకు, ఆదోని పత్తిచేలల్లో వంగిన నడుం ఎత్తనామెకు! ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక బయటికొస్తుంది. కూలిపనీ వ్యాయామమూ ఒకటి కాదు. వ్యాయామమంటే పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఒళ్ళు ఓర్చుకునే కొద్దీ పెంచుకోవడం, బాగున్న రోజున నాలుగు రోజుల పని మీదేసుకొని మర్నాడు మంచం పట్టకుండా చూసుకోవడం. ఆ ముక్క చెప్పడానికి పావుగంట పడుతుంది. ఓపీలో పావుగంటకు పదిమంది. చెప్పినా, కిలో లెక్కన కూలిచ్చే చేలో "ఈరోజు కొంచెమే ఏరుతానప్పా" అంటే మేస్త్రీ రేపు పిలుస్తాడా?

ఇక నిద్ర. కొళాయి ఏ అపరాత్రి వస్తుందోనని బిందెల పక్కన కునికే ఊర్లో, నిద్ర బాగా పొమ్మని చెప్పే డాక్టరు ఇంటికి బోరుంటుందిలెండి.

మాత్రల సంగతీ చెప్పాలి. అమెరికాలో 2007లో ప్రీగాబాలిన్‌కు, 2008లో డ్యూలాక్సెటిన్‌కు, 2009లో మిల్నాసిప్రాన్‌కు ఈ రోగానికని అనుమతిచ్చినారు. కొందరికి కొంత మేలు చేస్తాయి, అంతే. అంతకన్నా పాతదీ చవకదీ అమిట్రిప్టిలిన్, రాత్రిపూట చిన్న మోతాదులో ఇచ్చేది. తెలిసిన డాక్టరు రాసిచ్చినా మందులషాపు పిల్లోడు చీటీ చూసి, "ఇది డిప్రెషన్‌కు గదక్కా?" అంటాడు. ఆమె ఇంటికొచ్చి, పిచ్చిదానికిచ్చే మాత్ర నాకు రాసిస్తాడా అని చెత్తబుట్టలో వేస్తుంది. ఆ మాత్ర నొప్పికీ నిద్రకూ కూడా పనిచేస్తుందన్న ఒక్క మాట డాక్టరు నోట్లోంచి రాలలేదు మరి.

సర్కారు వారి దయ వేరే. 2007లో మొదలై పార్టీకో పేరు మార్చుకుంటున్న ఆరోగ్యశ్రీలో కోసేదానికి ప్యాకేజీ ఉంది గానీ కూర్చోబెట్టి మాట్లాడేదానికి లేదు. సదరం సర్టిఫికెట్ అడుగుదామంటే 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాసినారు, ఇది అందులో లేదు. ఆదోనికి మెడికల్ కాలేజీ వస్తుందని సంబరపడితే, 2025లో ప్రైవేటు భాగస్వామ్యానికి (పీపీపీ) ఇయ్యాలనుకున్న పదింటిలో దాన్నీ చేర్చినారు. ఎవరి చేతిలోకి పోయినా ఆ కాలేజీకి రుమటాలజీ డాక్టరు ముందొస్తాడా, ఎమ్మారై మిషను ముందొస్తుందా? మిషనే. అది తీసే రిపోర్టులో ఏముంటుందో మగ్గాల వీధి ఆడవాళ్ళు ఇప్పుడే రాసిస్తారు.