పెట్టె రాబడి

అమలాపురం చుట్టుపక్కల ఒక సర్కారు ఆసుపత్రిని తనిఖీ చేయడానికి ముగ్గురు సభ్యుల బృందం వచ్చింది. ప్రభుత్వాసుపత్రుల నాణ్యతకు కేంద్రం 2013లో పెట్టిన జాతీయ ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం ఒక్కో అంశానికి మార్కులు వేస్తారు. పూర్తిగా ఉంటే 2, సగంసగం ఉంటే 1, లేకపోతే 0. సర్టిఫికెట్టు రావాలంటే నూటికి డెబ్భై తెచ్చుకోవాలి.

సూపరింటెండెంటుగారు నెల ముందు నుంచే పనిలో పడ్డారు. గోడలకు రంగు వేయించారు. చెత్తకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వరసగా పెట్టించారు. ఏ డబ్బాలో ఏది వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా ఆయమ్మలు చెప్పేస్తున్నారు.

బృందం పొద్దుటి నుంచీ తిరిగింది. కొన్ని కళ్లతో చూసింది, కొన్ని సిబ్బందిని అడిగింది, కొన్ని రికార్డుల్లో వెతికింది. మధ్యాహ్నానికి కాన్పుల వార్డు చేరింది.

అక్కడ రిఫరల్ రిజిస్టరు చూశారు. ఎర్రసిరాతో గళ్లు కొట్టి ఉంది. ప్రతి పేరు పక్కనా టైము, అంబులెన్సు వచ్చిన టైము, పంపిన ఊరు. ఊరి గడిలో పైనుంచి కిందదాకా కాకినాడే. కారణం గడిలో పైనుంచి కిందదాకా ‘మత్తు డాక్టరు లేరు’.

“వారానికి రెండ్రోజులొస్తారండి. డెప్యుటేషన్” అన్నారు సూపరింటెండెంటుగారు. “అయినా ఇబ్బంది లేదండి. కాకినాడ దారిలో 2002లో ఎదుర్లంక బ్రిడ్జి వచ్చింది కదా. ఇదివరకులాగా పంటు కోసం రేవులో కాసుక్కూర్చోవక్కర్లేదు.”

ఒక్క గడి కూడా ఖాళీ లేదు. రెండు మార్కులు వేశారు.

మార్కుల జాబితాలో తరవాతి పేజీ రోగుల హక్కులు. అందులో ఫిర్యాదుల పెట్టె.

పెట్టె వసారాలో గోడకు ఉంది. ఎర్ర రంగు రేకు పెట్టె. పైన సన్నటి కంత, ముందు ఇత్తడి తాళం. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కంప్లయింట్స్’ అని రాసి ఉంది. పెట్టెకు పైన మేకుకి అయినవిల్లి విఘ్నేశ్వరుడి కేలండరు. పెట్టె నాలుగు మూలలా పసుపు, కుంకుమ బొట్లు.

“బొట్లెవరు పెట్టారు?” అన్నాడు బృందం పెద్ద.

“దసరాకి పెట్టామండి. స్టెరిలైజరుకీ పెట్టాం” అంది సిస్టరు.

పెట్టె రిజిస్టరు తెచ్చారు. ప్రతి శనివారం ఒకే మాట. ‘పెట్టె తెరవడమైనది. ఫిర్యాదులు లేవు.’ రెండేళ్ల శనివారాలు. ఒకే చేతిరాత, ఒకే సిరా.

“ఓసారి తెరవండి.”

తాళంచెవి కోసం మూడు గదులు వెతికారు. దొరికిన చెవి తిరగలేదు. తుప్పు. కొబ్బరినూనె పోశారు. అయినా తిరగలేదు. చివరికి వాచ్‌మన్ రాయి తెచ్చి తాళం బద్దలుకొట్టాడు.

తలుపు తెరవగానే గలగలమని చిల్లర కిందపడింది. రూపాయిలు, రెండ్రూపాయిలు, మడతపెట్టిన పదిరూపాయల నోట్లు. కర్పూరం బిళ్ల ఒకటి, ఎండిన గరిక కొంచెం. అడుగున పసుపు గుడ్డలో కట్టిన ముడుపు.

“ఆయ్, హుండీ అనుకున్నారండి” అన్నాడు వాచ్‌మన్.

ఎవరూ నవ్వలేదు. అకౌంటెంటుని పిలిచారు. ఆయన బల్ల మీద కుప్పలు పోసి లెక్కపెట్టాడు. చిల్లరా నోట్లూ కలిపి 94. ముడుపు విప్పాడు. పదకొండు రూపాయలు, ఒక కాగితం మడత. పదకొండు తీసి కుప్పలో కలిపాడు. కాగితం పక్కన పెట్టాడు. మొత్తం 105. మళ్లీ లెక్కపెట్టాడు. 105.

ఆ డబ్బు ఏ పద్దులో వెయ్యాలన్నది తేలలేదు. విరాళమైతే దాత పేరు ఉండాలన్నాడు అకౌంటెంటు. దేవుడి సొమ్మైతే దేవాదాయ శాఖకి పంపాలన్నాడు బృందంలో ఒకాయన. దేవుడి సొమ్ము దేవుడి హుండీలో ఉండాలి గానీ ఆసుపత్రి పెట్టెలో పడింది ఆసుపత్రిదేనన్నాడు ఇంకొకాయన. అరగంట గడిచింది. టీలు వచ్చాయి. చివరికి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాలో ‘ఇతర రాబడి’ కింద వెయ్యాలని తీర్మానమైంది. అకౌంటెంటు రసీదు రాసి, కార్బన్ కాపీ బల్ల మీద పెట్టాడు.

అప్పుడు బృందం పెద్ద కాగితం వైపు చూశాడు.

“అదేవిటి? ఫిర్యాదా?”

సూపరింటెండెంటుగారు మడత విప్పి మొదటి వరస పైకి చదివారు. “శ్రీ విఘ్నేశ్వరస్వామి వారి పాదపద్మములకు...” అక్కడ ఆగి మళ్లీ మడిచారు. “మనకి రాసింది కాదండి.”

బృందం పెద్ద తలూపాడు. పెట్టె ఉంది, రిజిస్టరు ఉంది. ఫిర్యాదుల గడిలో ‘లేవు’ అని రాసి, రెండు మార్కులు వేశాడు.

సాయంత్రం బొండాలు తాగి, తలా ఒక ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టుకుని కారెక్కారు. ఆసుపత్రికి డెబ్భై దాటాయని వెళ్తూ వెళ్తూ చెప్పారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

ఆయమ్మ వసారా ఊడుస్తుంటే బల్ల కింద కాగితం కనిపించింది. దేవుడి పేరున్న కాగితం చెత్తలో వెయ్యకూడదు. ఏ రంగు డబ్బాలో వెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. విప్పి, కూడబలుక్కుంటూ చదివింది.

‘స్వామీ, ఈ రాత్రికి మత్తు డాక్టరుగారిని రప్పించు. మా అమ్మాయిని కాకినాడ పంపనివ్వకు. అంతదూరం తట్టుకోలేదు. డాక్టరుగారొస్తే ఈ హుండీలోనే నూటపదహార్లు వేసుకుంటాను.’

రసీదు ఇంకా బల్ల మీదే ఉంది. నూట అయిదు.