ఫ్రేముల టీసీ

బొమ్మల సినిమాలో కథ ఎటు పోయినా పట్టించుకోకుండా, బొమ్మ ఎలా కదిలిందో మాత్రమే చూసి తీర్పు చెప్పే కుర్రవాణ్ణి ఫ్రేముల టీసీ అనవచ్చు. రైలు పెట్టెలో అందరి టికెట్లూ అడిగే అసలు టీసీకీ ఇతడికీ ఉన్న తేడా ఒక్కటే. అసలు టీసీ ఎప్పుడో ఒకప్పుడు డ్యూటీ దిగుతాడు. ఈ జాతి దేశమంతటా ఉన్నా, బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు ఇళ్లలో పెరిగిన రకానికి కొన్ని ప్రత్యేక లక్షణాలున్నాయి.

బిలాస్‌పూర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఆ జోను పుట్టకముందే, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ, శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఇక్కడ కొలువులకు వచ్చి స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. అందుచేత ఫ్రేముల టీసీ ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో హిందీ, బుధవారీ బజారులో కూరగాయల దగ్గర ఛత్తీస్‌గఢీ మాట్లాడతాడు. తెర ముందు మాత్రం జపనీసు తప్ప ఇంకోటి వినడు. తెలుగు డబ్బింగు పెట్టుకోమంటే నొచ్చుకుంటాడు. తెలుగులో పెద్ద బాలశిక్ష చదవలేని కుర్రాడికి జపనీసు యానిమేటర్ల పేర్లు ఇంటిపేర్లతో సహా కంఠస్థం. సెలవులకు లింక్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరెళ్లేటప్పుడు, రాయగడ కొండల్లో సిగ్నల్ దొరకదని ముందే ఫోన్ నిండా ఎపిసోడ్లు ఎక్కించుకుంటాడు. వాటిలో సగం అప్పటికే చూసినవి.

అతడు చూసే పద్ధతి వేరు. యూట్యూబులో వీడియో ఆపి కామా మీట నొక్కితే బొమ్మ ఒక ఫ్రేము వెనక్కి, ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక ఫ్రేము ముందుకు జరుగుతుంది. అతడి ల్యాప్‌టాప్‌లో ముందుగా అరిగేవి ఈ రెండే. నాలుగు సెకన్ల దృశ్యానికి నలభై నిమిషాలు పడుతుంది. అమ్మ మూడుసార్లు భోజనానికి పిలుస్తుంది. నాలుగోసారి పిలవదు, కంచం మీద మూత పెట్టి వెళ్లిపోతుంది.

అతడి శాస్త్రంలో మొదటి పాఠం లెక్క. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అన్నింటికీ వేరువేరు బొమ్మలు గీయడం జపానులో అరుదు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12, మూడేసి నిలిపితే 8 బొమ్మలు చాలు. ఇరవై నిమిషాల ఎపిసోడులో 28,800 ఫ్రేములుంటాయి. వారానికొక ఎపిసోడు ఇవ్వాల్సిన వాళ్లు ఇన్ని బొమ్మలు గీయలేరు కనుక పొదుపు పుట్టింది. ఒసాము తెజుకా సంస్థ ముషి ప్రొడక్షన్ తీసిన ఆస్ట్రో బాయ్ 1963 జనవరి 1న జపాన్ టీవీలో మొదలైంది. కదలని బొమ్మ మీద కెమెరాను జరపడం, మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు అనే మూడు బొమ్మలతో సంభాషణ అంతా నడపడం, ఒకసారి గీసిన పరుగును మళ్లీ మళ్లీ వాడుకోవడం వంటి ఉపాయాలు టీవీ యానిమేకు అక్కడి నుంచే అలవాటయ్యాయి. ఫ్రేముల టీసీ ఈ చరిత్రను పిలవని పేరంటాల్లో కూడా చెబుతాడు.

లెక్క తెలిసినవాడు ఫ్రేములు ఎక్కువైతే మేలని అనుకోవాలి. ఇతడు దానికి సరిగ్గా ఎదురు. కొత్త టీవీల్లో, లేని ఫ్రేములను యంత్రమే కల్పించి కదలికను నున్నగా చేసే సౌకర్యం ఒకటుంది. ఇతడు దాన్ని ఆపేస్తాడు. సీరియల్ బాగా కనిపిస్తుందని అమ్మ మళ్లీ పెడుతుంది. ఈ గొడవ కొన్ని క్వార్టర్లలో ఏళ్ల తరబడి నడుస్తోంది. న్యాయం కొడుకు వైపే ఉంది. కత్తి ఎత్తిన చెయ్యి ఎంతసేపు ఆగాలి, దిగేటప్పుడు ఎన్ని బొమ్మల్లో దిగాలి అన్నది గీసినవాడి నిర్ణయం. ఆగడంలో బరువుంటుంది, హఠాత్తుగా దిగడంలో దెబ్బ ఉంటుంది. మధ్యలో యంత్రం నాలుగు బొమ్మలు దూర్చితే బరువూ పోతుంది, దెబ్బా పోతుంది. అమ్మకు ఇది చెబితే, ‘నీ కత్తి సంగతి నాకెందుకురా, నా కోడలుపిల్ల ముఖం కనబడాలి’ అంటుంది.

ఈ జాతిలో రెండు తెగలున్నాయి. మొదటి తెగకు పోరాటాలే ప్రాణం. డీమన్ స్లేయర్ మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ వాళ్లకు తిరుపతి. నరుటో షిప్పుడెన్ 167వ ఎపిసోడులో ముఖాలు రబ్బరులా సాగిపోయిన ఒక్క ఫ్రేమును ఎవరైనా ఆపి నవ్వితే, సాగదీయడం కదలిక కోసమే గాని ఫొటో కోసం కాదని గంట ఉపన్యాసం మొదలవుతుంది. మాట నిజమే. ఆ బొమ్మ కంటి ముందు నిలిచేది సెకనులో ఏ పన్నెండో వంతో. అయినా గంట ఎక్కువ.

రెండో తెగ వేళ్ళు చూస్తుంది. ఎవరు ఎలా కూర్చున్నారు, చెప్పులు ఎలా తొడుక్కున్నారు, కోపాన్ని మింగేటప్పుడు భుజం ఎంత కదిలింది అన్నవే వీళ్లకు కావాలి. 2001లో వచ్చిన మియజాకీ సినిమా స్పిరిటెడ్ అవేలో చిహిరో అనే పిల్ల బూట్లు తొడుక్కుని, అవి కుదురుకోవడానికి ముందరి కొనను నేలకేసి తడుతుంది. కథకు దానితో పనిలేదు. ఆ తట్టడం తీసేస్తే మిగిలేది బూట్లున్న బొమ్మ, ఉంచితే బడికెళ్లే పదేళ్ల పిల్ల. తకహతా 1991లో తీసిన ఓన్లీ యెస్టర్డేలో పెద్దవాళ్ల మాటలను ముందే రికార్డు చేసి, నవ్వినప్పుడు చెంపల మీద పడే గీతలతో సహా ముఖాలు గీశారు. నవోకో యమదా 2016లో తీసిన ఎ సైలెంట్ వాయిస్‌లో నాయిక చెవిటి పిల్ల. ఆమె సంభాషణ చాలావరకు చేతి సైగలే. అక్కడ చేతులు సరిగా గీయకపోతే డైలాగు తప్పుచెప్పినట్టే.

రెండో తెగ వాదం తెలుగు పెద్దలకు ఎక్కాలంటే ఒక్కటే దారి ఉంది, అది 1957 నాటి మాయాబజార్ మీదుగా పోతుంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. ముఖం సావిత్రిదే, చీర, నగలూ ఆమెవే. కానీ నడకలో, భుజం ఎగరేసే తీరులో, పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే మొరటుతనంలో ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు కనిపిస్తాడు. మరుక్షణం సిగ్గు తెచ్చుకుంటే అది ఘటోత్కచుడు తెచ్చుకున్న సిగ్గే గాని శశిరేఖ సిగ్గు కాదు. ముఖం మారకుండా మనిషి మారడమే నటన. 2016 నాటి యువర్ నేమ్ సినిమాలో టాకీ అనే అబ్బాయి, మిత్సుహా అనే అమ్మాయి ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుంటారు. మిత్సుహా ఒంట్లో టాకీ ఉన్న రోజున ఆ పిల్ల తరగతిలో బల్లను ఫట్‌మని తన్నుతుంది. ఆ సినిమాకు బొమ్మల పర్యవేక్షణ చేసిన మసాషి ఆందో స్పిరిటెడ్ అవేకూ అదే పని చేసినవాడు. సావిత్రికి తన ఒళ్లు ఉంది. యానిమేటరుకు పెన్సిలే ఉంది. పైగా ఒకే పాత్రను పదిమంది గీస్తారు, పదిమందీ కలిసి ఒకే మనిషిలా నటించాలి. అందుకే వాళ్ల బొమ్మలన్నీ దిద్దే పర్యవేక్షకుడు ఒకడు కావలసి వస్తాడు. బడ్జెట్టు, గడువు తక్కువైనప్పుడు మొదట మాయమయ్యేది ఈ నటనే. పేలుళ్లు మాత్రం ఎలాగోలా మిగులుతాయి.

బొమ్మల చేత నటింపజేయడం భారతీయులకు కొత్త సంగతి కాదు. యుగో సాకో, రామ్‌మోహన్ చేతుల్లో 1992లో పూర్తయిన రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ కోసం పంచె ఎలా కట్టాలో, పిల్లలు పెద్దల దీవెన ఎలా తీసుకుంటారో భారతీయ బృందం జపనీసు చిత్రకారులకు నేర్పింది. 2025 జనవరి 24న అది తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. ఫ్రేముల టీసీ ఇంట్లోవాళ్లు అతడితో కలిసి ఇష్టంగా చూసేది ఇదొక్కటే. వాళ్లు దండాలు పెడుతుంటారు, అతడు దండం ఎన్ని బొమ్మల్లో పెట్టారో చూస్తుంటాడు.

రైల్వే ఇళ్లలో పుట్టడం వల్ల ఇతడికి సొంతింట్లోనే ప్రత్యర్థులున్నారు. డీమన్ స్లేయర్ కథలోని మ్యూగెన్ ట్రెయిన్ సినిమాలో రైలింజను 8620 తరగతి నమూనా అని ఇతడు గర్వంగా చెబితే, లోకో పైలట్‌గా ఉన్న తండ్రి రాక్షసులను వదిలేసి, పెట్టెకూ పెట్టెకూ మధ్య కప్లింగు చూపించమంటాడు. ఆవిరి రోజుల్లో ఫైర్‌మన్‌గా చేసి రిటైరైన తాతలు ఇంకా ప్రమాదం. 2013 నాటి ది విండ్ రైజెస్‌లో ఇంజను చప్పుడు వినగానే, ‘ఏటిరా ఇది, ఎవడో నోటితో కూసినట్టుందేటి?’ అని అలాంటి తాత అడుగుతాడు. మనవడు జాలిగా నవ్వుతాడు. ఆ సినిమాలో విమానం ఇంజన్ల నుంచి రైలు దాకా చాలా చప్పుళ్లను మనుషుల నోటితోనే చేయించారు. ఈ సంగతి తర్వాత ఎక్కడో చదివినా మనవడు తాతకు చెప్పడు.

అతడి బలహీనతలు అందరికీ తెలిసినవే. కథ చివర ఎవరు చచ్చిపోయారో చెప్పలేడు, చచ్చేటప్పుడు జుట్టు ఎలా కదిలిందో చెబుతాడు. ఎవరైనా ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తుంటే ఆ స్నేహం అక్కడితో సరి. బాగా కదిలిన ప్రతిదీ గొప్పదేనన్న భ్రమ కూడా ఉంది. అద్భుతంగా కదిలే బొమ్మలతో నీరసమైన సినిమాలు బోలెడు వచ్చాయి, వాటన్నింటినీ అతడు వెనకేసుకొస్తాడు. రేఖల్లో, కదలికలో చిక్కిపోయినా కథ బలంతో నిలబడ్డవాటిని మాత్రం కనికరించడు.

ఇరవై అయిదు దాటాక, రైల్వే పరీక్ష గట్టెక్కి డ్యూటీ రోస్టరులో పేరు పడితే, ఈ లక్షణాలు కొంత తగ్గుతాయి. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాడికి ఫ్రేములు లెక్కపెట్టే ఓపిక ఉండదు. ఒక ఎపిసోడు మొదలుపెట్టి సగంలో నిద్రపోతాడు. నటన చూసే కన్ను మాత్రం పోదు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు పట్టుకున్న వేళ్లను చూసి, పిల్లకు ఈ సంబంధం ఇష్టం లేదని అతడే ముందు కనిపెడతాడు. ఇలాంటివాడితో సినిమాకు వెళ్లేవారు పక్క సీటు వదిలేసి, వెనక వరసలో కూర్చోవడం మంచిది. సినిమా అయ్యాక మాత్రం ఒక టీ ఇప్పించి, ఎవరు బాగా నటించారో అతణ్ణే అడగాలి.