చీరకున్న భోగం కాలికేదీ?

నారాయణపేట చీర కొన్న ఇల్లాలు దాన్ని మొదటిసారి తడిపే ముచ్చట చూడండి. రంగు దిగుతుందేమోనని చల్లనీళ్ళలో ఉప్పు కలుపుతుంది. బండకేసి బాదదు. మెలితిప్పి పిండదు. నీడపట్టున ఆరేసి, అంచు మడతలు విప్పి చూసుకుని మరీ పెట్టెలో దాస్తుంది. ఇంచుమించు ఇదే సేవ బోదకాలికి చేయమని డాక్టరు చెబితే మాత్రం ఆయన్ని పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు. "సబ్బు, నీళ్ళా? గింతదానికి బస్సు కిరాయి పెట్టుకొని వచ్చిన్నా?"

మన లెక్కలో వైద్యమంటే జేబుకు చిల్లన్నా పడాలి, ఒంటికి మంటన్నా పుట్టాలి. రెండూ లేనిది మందెట్లయితది? అందుకే పసరు కట్టేవాడికీ, వాత పెట్టేవాడికీ, వారంలో కాలు సన్నబడుతుందని హామీ ఇచ్చేవాడికీ గిరాకీ తగ్గదు. బోదకాలు ఉన్నవాళ్ళకిచ్చే సర్కారు పింఛను చేతిలో పడ్డ రోజు ఆ గిరాకీ ఇంకాస్త పెరిగితే ఆశ్చర్యమేముంది? వాత పెట్టిన చోట పుండు లేస్తుంది. ఆ పుండులోంచి క్రిములు దూరతాయి. చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ. వాత పెట్టిన మహానుభావుడేమో "రోగం బయటికొస్తున్నది" అంటాడు. తిరగేసి చదువుకోండి, సరిపోతుంది.

జ్వరం నెపం చంద్రుడి మీద వేసేవాళ్ళూ ఉన్నారు. అమాసకో పున్నానికో కాలు పొంగుతుందట. పాపం, అంత దూరాన ఉన్నవాడు సంజాయిషీ చెప్పుకోలేడు కదా! కాలివేళ్ళ సందుల్లో నాని, పాసి, పగిలిన చర్మం మాత్రం కంటికి రెండు మూరల దూరంలోనే ఉంటుంది. వంగి చూసేవాడేడీ? దోమ ఒంట్లో బోదకాలు తెచ్చే పురుగు పెరగడాన్ని ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో 1877లోనే చూశాడు. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టడానికి ఇరవై ఏళ్ళ ముందన్నమాట. మనవాళ్ళు ఇంకా పంచాంగమే తిరగేస్తున్నారు.

ఇక మాత్రల సంగతి. ఇంటింటికీ తెచ్చి మింగమనే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను, కాలు బాగున్నవాడు "నాకు రోగమే లేదు" అని గూట్లో పెడతాడు. కాలు వాచినవాడు మింగి, తెల్లారి కొలిచి చూసుకుని తిడతాడు. ఆ మాత్ర రక్తంలో తిరిగే పిల్లపురుగుల మీదికి పోతుంది. లింఫు నాళాలు ఎప్పుడో పాడై, పైకెక్కలేని ద్రవం కాలిలో నిలిచిపోతే దాన్ని మాత్ర తోడిపోయలేదు.

మిగిలింది ఆ చవకబారు సేవే. మామూలు సబ్బు, వేడి చేయని శుభ్రమైన నీళ్ళు, వేళ్ళ సందుల్లోకి పోయే వేలికొస. బ్రష్షుతో రుద్దొద్దు. మెత్తటి గుడ్డతో అద్దాలి, వేళ్ళ మధ్య తడి అసలే మిగలొద్దు. పగుళ్ళుంటే డాక్టరిచ్చిన మలాం. మంచానికి కాళ్ళు పెట్టే వైపు కింద రెండు ఇటుకలు. కూర్చున్నచోటే పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం. జ్వరం వచ్చిన రోజుల్లో ఈ ఆడించడం వద్దు, దవాఖానకు పోవాలి. గుంట మగ్గంలో పొద్దంతా కాళ్ళు వేలాడేసే నేతగాడికైతే ఇవి మరీ అవసరం. కాలు మళ్ళీ వెనకటిలా అవుతుందని ఎవరూ ప్రమాణం చేయరు. జ్వరాలు తగ్గుతాయి, వాపు ముదరడం నెమ్మదిస్తుంది. ఈ మాటకు గిరాకీ లేదు, ఎందుకంటే ఇందులో అబద్ధం లేదు.

ఇదంతా ఓ ముసలవ్వకు చెప్పాను. కాలు కడుక్కోమని ఆమెకు టబ్బూ, మగ్గూ, తువ్వాలూ ఇచ్చి చాలా రోజులైంది. అంతా శ్రద్ధగా విని తలాడించింది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. గని టబ్బుల కందులు పోసుకున్న. కాలు యాడ పెట్టుమంటవ్?"