స్పాంజిలోని సంసారము

మా తిమ్మాజిపేటలో నన్నెఱిగినవారందఱును నేను చేపలను పెంచుచున్నానని చెప్పుకొందురు. ఈ మాట పూర్తిగా అసత్యము కాకపోయినను సత్యమునకు చాల దూరమున నున్నది. ముందుగదిలోని గాజుతొట్టియందు తోకలాడించుచు వయ్యారముగా తిరుగు గోల్డ్‌ఫిష్‌లు, తిని, విసర్జించి, ఆ విసర్జనముచేత వేఱొక మహాజనసమూహమునకు ఆహారము సమకూర్చు వంటవాండ్రు మాత్రమే. నేను నిజముగా పోషించుచున్నది తొట్టిమూలన బుడగలు గ్రక్కుచుండు ఫిల్టరు స్పాంజిలో, కంటికి కనబడక, ఒకరినొకరు ఒరసికొని కాపురముండు సూక్ష్మజీవులను.

వారి వృత్తి సామాన్యమైనది కాదు. చేపల మొప్పలనుండియు, మలమునుండియు, తినక విడిచిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము, అందును క్షారగుణముగల నీటిలో, ఎండకాలపు వేడిలో దాని క్రౌర్యము ఇనుమడించును. నైట్రోసోమోనాస్ మొదలగు తెగలవారు దానిని నైట్రైటుగా మార్తురు. అదియును విషమే కావున, నైట్రోస్పైరా తెగవారు దానినందుకొని, మితములో నున్నంతవఱకు చేపకు అంతగా హాని చేయని నైట్రేటుగా మార్తురు. రష్యాదేశీయుడైన వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున జ్యూరిచ్ నగరములో, మట్టినుండి ఈ వృత్తివారిని వేఱుపఱచి లోకమునకు చూపెను. 2015లో ఈ రెండు పనులను ఒంటిచేత చక్కబెట్టు నైట్రోస్పైరా యొకటి బయటపడెను. ఆ కార్యశూరుడు దొరకిన తావులలో ఒకటి చేపల పెంపకశాలలోని ఫిల్టరే యగుట విని నేను పొందిన గర్వము చెప్పనలవి కాదు. మా ఊరిచుట్టునున్న పత్తిచేలలో, మక్కచేలలో రైతు చల్లిన యూరియా తుదకు నైట్రేటై పైరునకందుటయు వీరి జ్ఞాతుల చలువయే.

ఇట్టివారికి ఊపిరాడవలెను. కరెంటు పోయినప్పుడు ఇంటిల్లిపాదియు ఫ్యానువంక చూతురు, నేను స్పాంజివంక చూతును. ఏలయన నీటికదలిక యాగిన ఫిల్టరులో ప్రాణవాయువు కొన్ని గంటలలోనే తఱిగిపోవును, మూత బిగించిన డబ్బాఫిల్టరైనచో మఱింత త్వరగా తఱుగును. అందుచేత మా యింట ఇన్వర్టరు మొదట ఎయిర్ పంపునకు, మిగిలినచో మనుష్యులకు అని శాసనము చేసితిని. ఈ శాసనము మా శ్రీమతికి సమ్మతమైనదని నేను చెప్పుటలేదు.

అయితే కరెంటు పోవుటకంటె భయంకరమైనది శుభ్రత. దసరాకు బిజినేపల్లినుండి వచ్చిన మా పెద్దమ్మ, తొట్టిముందు కొంతసేపు నిలిచి, "కొర్రమట్టనన్న అయితె పులుసుకొస్తుండె, తినని చాపను సాకుడెందుకు బిడ్డా?" అని విచారించి, పిదప స్పాంజిని చూచి ముక్కుపై వ్రేలుంచుకొనెను. "గింత జిగట వట్టింది, కడగరాదె?"

"అందుట్ల మంచి పురుగులున్నయి పెద్దమ్మా."

"మంచి పురుగులేంది బిడ్డా! పురుగంటె పురుగే."

ఆ జిగటయే వారి నివాసమనియు, తొట్టిలోని నీటినే బకెట్టులోనికి తీసి, అందులో స్పాంజిని మెల్లగా పిండి మరల నుంచవలెననియు, నల్లానీరైనచో ఒక దినము నిలువయుంచి గాని, పూర్వము ఫోటోస్టూడియోలవారు వాడిన హైపో పలుకులు వేసి గాని వాడవలెననియు నేను చేసిన ఉపన్యాసమును ఆమె శ్రద్ధగా విని, మఱునాడు నేను బడికి పోయిన సమయము కనిపెట్టి, స్పాంజిని నల్లాక్రింద బట్టలసబ్బుతో తెల్లగా తళతళలాడునట్లు ఉతికి ఆరవేసెను. మనుష్యుల కడుపు చల్లగా నుండుటకై నీటిలో కలిపెడు క్లోరిన్‌కు మంచి పురుగు, చెడ్డ పురుగు అను విచక్షణ లేదు. ఈ విషయమున దానికిని పెద్దమ్మకును మతభేదము లేదు.

రెండు మూడు దినములలో, అమ్మోనియాను కొలుచు పరీక్షనాళికయందు పసుపుపచ్చగా నుండవలసిన నీరు ఆకుపచ్చ తిరిగెను. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచుకొని ఎగరోజసాగెను. "సూసినవా బిడ్డా, నీళ్లు శుభ్రమైనయని సంబురపడి పైకొచ్చినయి" అని పెద్దమ్మ సంతోషించెను.

మేత మానిపి, నీరు కొంతకొంత మార్చుచు చేపలను నిలుపవచ్చును గాని, పోయిన జనాభా అంత సులభముగా తిరిగిరాదు. తక్కిన సూక్ష్మజీవులలో పెక్కు గంటలోపుగనే రెట్టింపగుచుండగా, వీరు అందులకు ఒక దినమో, అంతకు మించియో తీసికొందురు. క్రొత్త తొట్టి కుదుటపడుటకు నెల, నెలన్నర పట్టుట ఇందుచేతనే. కావున జడ్చర్లలోని మిత్రుని తొట్టిలో చిరకాలము నానిన స్పాంజినొకదానిని అర్థించి, ఎండిపోకుండ ఆ తొట్టినీటితోనే ప్లాస్టిక్ సంచిలో నుంచి, పైన గాలికి చోటు విడిచి మూతిగట్టి, సంతదినపు రద్దీగల బస్సులో ఒకచేత కడ్డీని, వేఱొకచేత సంచిని పట్టుకొని నిలిచితిని.

"ఏందది సారూ, చాపలా?" అనెను కండక్టరు.

"కాదు తమ్మీ, చాపల నీళ్లు బాగుచేసే సూక్ష్మజీవులు."

"ఎంతమందుంటరు?"

"కోట్లల్ల ఉంటరు."

ఆతడు చేతిలోని టిక్కెట్ల యంత్రమువంక ఒకపరి, సంచివంక ఒకపరి చూచి, "గంతమంది నిలవడ్డరా, కూసున్నరా?" అని యడిగెను. దొరకిన తావు నంటిపెట్టుకొని కదలక జీవించుటయే వారి స్వభావమగుటచేత, "అందరు కూసునే ఉన్నరు" అని శాస్త్రసమ్మతముగనే బదులు చెప్పితిని.

"గీ రష్షుల నీకే సీటు దొరకలె, ఆళ్లందరికి యాడ దొరికింది సారూ!" అని, చిల్లర నా చేత బెట్టజూచి, నా రెండు చేతులును తీఱిక లేకుండుటచే దానిని చొక్కాజేబులో వేసి, ఆతడు ముందునకు సాగిపోయెను.