సుఖం లేకపోతే గుడ్డెందుకు పెడుతుందండీ?

గోదావరి జిల్లాల్లో కోళ్ళఫారం యజమానిని కోడి బాగోగుల గురించి ఏమడిగినా జేబులోంచి తీసినట్టు ఒకటే జవాబు వస్తుంది. "సుఖం లేకపోతే గుడ్డెందుకు పెడుతుందండీ?" అనపర్తిలో టీకొట్టు దగ్గరైనా ఇదే మాట, హైదరాబాద్ స్టార్ హోటల్లో పౌల్ట్రీ సదస్సైనా ఇదే మాట. కాకపోతే సదస్సులో అదే ముక్క ఇంగ్లీషులో, తెర మీద, పచ్చగడ్డిలో తిరిగే కోడి బొమ్మతో సహా వస్తుంది. అడిగినవాడు ఇక నోరెత్తడు. వాడి ప్లేట్లోనూ ఆమ్లెట్టే కదా మరి.

గుడ్డే సాక్షి, గుడ్డే వాంగ్మూలం, గుడ్డే తీర్పు. ఆ పైన ఎవరైనా వాదిస్తే కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడంటారు. ఈకల ప్రస్తావన వాళ్ళకే అంత మంచిది కాదు. పంజరం తీగలకు ఒరుసుకుని ఒరుసుకుని, బ్యాచ్ ముదిరేసరికి కోడి మెడ మీద పీకడానికి మిగిలేవి కొన్నే.

సుఖాన్ని గుడ్లతో కొలిచేటట్టయితే తెలుగువాళ్ళంత సుఖపెట్టేవాళ్ళు దేశంలో లేరు. 2023-24లో దేశం మొత్తం మీద సుమారు 14,277 కోట్ల గుడ్లు వచ్చాయని కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్క. ప్రతి వందలో దాదాపు 18 ఆంధ్రప్రదేశ్‌వి, మరో 13 దాకా తెలంగాణవి. తణుకులో సాయంత్రం ట్రేలకెత్తిన సుఖం లారీలెక్కి బెంగాల్, బీహార్, అస్సాం దాకా పోతోంది. దాని ధర 'నెక్ రేటు' పేరుతో రోజూ పేపర్లో పడుతుంది. ఇంత పక్కాగా కొలిచి, తూచి, ఊరూరా రేటు కట్టిన సుఖం మనుషులకు కూడా లేదు.

ఇంతకీ గుడ్డు ఎందుకు పుడుతుంది? దీనికి పశువైద్య కళాశాలలో మొదటి సంవత్సరం కుర్రాడైనా జవాబు చెప్పగలడు. వెలుగు కపాలం గుండా మెదడులోకి దిగుతుంది. అక్కడ హైపోథాలమస్ కదిలి, పిట్యూటరీని కదిపి, అండాశయానికి కబురంపుతుంది. ఇరవై నాలుగు, ఇరవై ఆరు గంటలకో గుడ్డు బయటికొస్తుంది. అందుకే షెడ్లలో పగలు చాలకపోతే బల్బులు వేసి రోజుకి పదహారు గంటల వెలుతురు చూసుకుంటారు. పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడై, తెల్లవారకముందే కూసి, గయాసురుణ్ణి నమ్మించి లేపాడని స్థలపురాణం. అదే గోదావరి సీమలో ఇప్పుడు కోళ్ళకే ఎవరో దొంగ తెల్లారింపు చూపిస్తున్నారు. గయాసురుడు ఒక్కసారే మోసపోయాడు. కోడి రోజూ మోసపోతోంది, మోసపోయిన ప్రతిసారీ ఒక గుడ్డు పెట్టి తన సుఖాన్ని రుజువు చేసుకుంటోంది.

వెలుగు తర్వాత వంశం. అడవికోడి ఏడాదికి పది, పదిహేను గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని పోతుంది. వైట్ లెగ్‌హార్న్ రక్తంతో తీర్చిదిద్దిన ఫారం పెట్ట ఏడాదికి మూడు వందలు దాటిస్తుంది. అడవికోడి కన్నా ఇది ఇరవై రెట్లు సుఖపడుతోందని అర్థం చెప్పుకోవాలేమో. పొదగాలన్న ఊహ కూడా దానికి రాకుండా తరతరాలుగా ఏరి ఏరి తీసేశారు. ప్రతి పెంకుకీ రెండు గ్రాముల పైన కాల్షియం కావాలి. మేతలోది చాలకపోతే ఎముకల్లోంచి వస్తుంది. అలా డొల్లబారిన ఎముకలతో కోడి నిలబడలేక ఒక పక్కకి ఒరిగిపోతే దానికి పుస్తకాల్లో ఉన్న పేరు 'కేజ్ లేయర్ ఫెటీగ్'. పంజరంలో గుడ్లు పెట్టి పెట్టి వచ్చే అలసట అన్నమాట. ఈ పేరు పెట్టింది జంతుప్రేమికులు కాదు, కోళ్ళ వైద్యులే. అలా ఒరిగిపోయిన కోడి గూట్లో కూడా కొన్నిసార్లు గుడ్డు దొరుకుతుంది. సుఖంగానే ఒరిగిపోయిందని రాసుకోవాలి కాబోలు.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష మోల్టింగ్ దగ్గర ఎదురవుతుంది. బ్యాచ్ ముదిరి గుడ్లు తగ్గాక కొన్నిచోట్ల ఒక కిటుకు వాడేవారు. రోజుల తరబడి మేత ఆపేసేవారు. కోడి బక్కచిక్కి, ఈకలు రాల్చి, అండాశయం ముడుచుకుపోతుంది. తర్వాత మళ్ళీ మేత వేస్తే కొత్తగా కూతకొచ్చిన దానిలా ఇంకో విడత గుడ్లు పెడుతుంది. గుడ్డే సుఖానికి గుర్తయితే ఇక్కడ తేలేదేమిటి? పస్తులుంచితే సుఖం తిరిగొస్తుందని. ఏ యోగి చెప్పినా ఎవరూ నమ్మని మాటను లెగ్‌హార్న్ పెట్ట నిరూపించింది. 2011లో జంతు సంక్షేమ బోర్డు మాత్రం ఇది చట్టం ఒప్పుకోని క్రూరత్వమనీ, ఆపాలనీ చెప్పింది. బోర్డువాళ్ళకి తత్వం అంతగా ఒంటబట్టినట్టు లేదు.

గూటి దగ్గరికే వెళ్ళి చూడొచ్చు. వరసగా తీగల పెట్టెలు, మెట్లు మెట్లుగా. అడుగున నేల ఉండదు, తీగే ఉంటుంది. అది కూడా ముందుకి వాలుగా, గుడ్డు పడీపడగానే దొర్లి కాలవలోకి వచ్చేటట్టు. కోడికి మాత్రం ఆ వాలు మీదే నిలుచోవడం, ఆ వాలు మీదే కునకడం. ముందు మేత తొట్టి, పైన నీళ్ళ నిపుల్, కింద పెంట గుట్ట, ముక్కుపుటాలు మండించే అమ్మోనియా. ఊళ్ళో పెట్ట గుడ్డుకొచ్చిందంటే ఇల్లంతా తెలుస్తుంది. కొక్కొక్కొమంటూ అటక చూస్తుంది, గడ్డివాము చూస్తుంది, మంచం కింద దూరుతుంది. చివరికి ఇంటావిడే విసుక్కుంటూ బుట్టలో ఇంత గడ్డి వేసి మూల పెడుతుంది. ఫారం పెట్టకి కూడా ఆ పావుగంట ఆరాటం అలాగే వస్తుంది. తిరగడానికి చోటు లేక పక్క కోళ్ళని తొక్కుకుంటూ, తల తీగల్లోంచి పైకి పెట్టి, అక్కడే కానిచ్చేస్తుంది.

చోటు ఎంత? ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లు. కోళ్ళ కష్టం చూసి కేంద్రం 2019లో విడుదల చేసిన ముసాయిదా నియమాల్లో ఒక్కో కోడికి ఇవ్వదలచిన చోటు 550. కనికరించాక కూడా కాగితం నిండలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మేరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త 1989లో కోళ్ళని పైనుంచి ఫొటోలు తీసి కొలిస్తే, ఉన్నచోట ఒక చుట్టు తిరగడానికే సగటున 1,270 దాకా కావాల్సి వచ్చింది. రెక్కలల్లార్చడానికి ఇంకా చాలా ఎక్కువ. ఇంత ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కనక, పిల్లగా ఉన్నప్పుడే ఎర్రగా కాల్చిన బ్లేడుతో ముక్కు కొన కోసేస్తారు. చోటు పెంచే ఖర్చు కన్నా ముక్కు తగ్గించే ఖర్చు తక్కువ.

ఇక్కడ ఫారం యజమాని గారు అడ్డుపడతారు. "వేళకి మేత, టీకాలు, డాక్టరు, పిల్లి బెడద లేదు, నక్క భయం లేదు. మా పిల్లలకే ఇంత వైభోగం లేదండీ!" నిజమే. ఆ మాటకొస్తే రాజమండ్రి సెంట్రల్ జైల్లో కూడా వేళకి భోజనం, డాక్టరు, గేటు దగ్గర తుపాకీతో కాపలా అన్నీ ఉన్నాయి. అయినా పిల్లల్ని అక్కడ చేర్పించడానికి ఎవరూ సిఫార్సు ఉత్తరాలు పట్టుకుని తిరగడం లేదు.

గోదావరి జిల్లాలకి కోడి మీద జాలి ఏడాదికొకసారి, సంక్రాంతికి పది రోజుల ముందు పుట్టుకొస్తుంది. కోడిపందేలు ఆపాలని హైకోర్టులో పిటిషన్లు, ఎస్పీల హెచ్చరికలు, బైండోవర్లు, టీవీల్లో వేడి చర్చలు. పండగ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల బరులు మామూలుగానే లేస్తాయి. పందెం చట్టరీత్యా నేరం, కత్తి కట్టించడం దారుణం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పుంజు బతికిన రోజుల్ని చూడాలి. డేగో, కాకో, నెమలో ఏ జాతిదైనా దానికి పొద్దున్నే చెరువులో ఈత, వేణ్ణీళ్ళ స్నానం, గంట్లు, చోళ్ళు, బాదంపప్పు, మటన్ కైమా. అన్నిటికన్నా ముఖ్యంగా ఉడకబెట్టిన గుడ్డు. ఆ గుడ్డు ఏ పంజరంలోంచి వచ్చిందో ఎవరూ అడగరు. పుంజు కోసం కోర్టు మెట్లెక్కేవాళ్ళు నలుగురైనా ఉన్నారు. దానికి గుడ్డు పెట్టిన పెట్టకి కత్తీ లేదు, బరీ లేదు, చూసేవాడూ లేడు. చూసేవాడు లేని హింస మీద మన చానళ్ళలో చర్చ పెట్టరు, విజువల్స్ దొరకవు.

చట్టం లేదా అంటే, ఉంది. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. కదలడానికి తగినంత వీలు లేని పంజరంలో జంతువును ఉంచడం పదకొండో సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా. మూడేళ్ళలో మళ్ళీ చేస్తే గరిష్ఠంగా వంద, లేదా మూడు నెలల జైలు. యాభై రూపాయలకి ఇప్పుడు కిరాణా కొట్లో డజను గుడ్లు కూడా రావు. కోళ్ళ పేరు మీద లా కమిషన్ 2017 జులైలో ఏకంగా ఒక నివేదిక ఇచ్చింది. అది కమిషన్ వారి 269వ నివేదిక. గుడ్ల కోళ్ళనీ, మాంసం కోళ్ళనీ ఎలా ఉంచాలో, ఎలా తరలించాలో ముసాయిదా నియమాలు కూడా రాసిచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే, జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు జంతువులకి అయిదు స్వేచ్ఛలుంటాయని రాసింది. ఆ స్వేచ్ఛలకి మూలం 1965 నాటి బ్రిటన్ బ్రాంబెల్ కమిటీ. లేచి నిలబడడం, పడుకోవడం, ఒక చుట్టు తిరగడం, ఒళ్ళు దువ్వుకోవడం, కాళ్ళూ రెక్కలూ చాచుకోవడం, ఇంతే ఆ కమిటీ అడిగింది. ఐరోపా సంఘం 1999లో ఆదేశం ఇచ్చి, పన్నెండేళ్ళు గడువిచ్చి, 2012 జనవరి 1 నుంచి ఉత్త తీగల పంజరాల్ని నిషేధించింది. అక్కడి కోళ్ళూ ఆ పంజరాల్లో ఏడాదికి మూడు వందలు పెట్టినవే. అయినా గుడ్డు సాక్ష్యం అక్కడ చెల్లలేదు.

రైతును దుర్మార్గుడిగా నిలబెట్టడం మాత్రం అన్యాయం. దళారుల చేతిలో గుడ్ల రైతు చితికిపోతున్న రోజుల్లో పౌల్ట్రీ వ్యాపారి బి.వి.రావు గారు 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని, అదే 'నెక్'ని, నిలబెట్టారు. 'నా గుడ్డు, నా ధర, నా జీవితం' అన్నది ఆ రోజుల నినాదం. రైతు తన సరుక్కి తనే రేటు చెప్పుకోవడం నిజంగా పెద్ద విజయం. ఆ నినాదంలో మూడు 'నా'లున్నాయి, ఒక్కటీ పెట్టది కాదు. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగితే రైతుకి నిద్రుండదు. బడిలో మధ్యాహ్న భోజనంలో పిల్లవాడికి దొరికే గుడ్డు చాలా ఇళ్ళల్లో దొరకదు, అదీ నిజమే. కాబట్టి "చవగ్గా కావాలి, అందుకే పంజరం" అనొచ్చు. అది నిజాయితీగల మాట, దాని మీద లెక్కలు వేసి వాదించుకోవచ్చు, రూపాయో అర్ధరూపాయో ఎక్కువైతే ఎవరు భరించాలో తేల్చుకోవచ్చు. అలా అనకుండా కోడి చేత సుఖంగా ఉన్నానని వేలిముద్ర వేయించుకోవడమే మింగుడుపడదు.

ఎవరి సుఖం మీద అసలు బెంగో కష్టకాలంలో బాగా బయటపడుతుంది. 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేస్తే హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి కెమెరాల ముందు చికెన్ ముక్కలు కొరికి చూపించారు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చింది. కొన్నాళ్ళకి ఊళ్ళలో చికెన్ మేళాలు పెట్టి, వేడివేడిగా ఉచితంగా వడ్డించారు. జనం బారులు తీరారు. తినేవాడి భయం తీర్చడానికి ఇంత హంగామా జరిగింది. అంతంత మందని అంతంత ఇరుకులో పెడితే రోగం ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి పాకడానికి ఎంతసేపు పడుతుందన్న ప్రశ్న మాత్రం మేళాలో వడ్డించలేదు.

ఈ సిద్ధాంతంలో అసలు చోటే దొరకని వాడు ఇంకొకడున్నాడు. లేయర్ హేచరీలో పొదిగిన వాటిలో సగం మగపిల్లలు. అవి గుడ్డు పెట్టవు, మాంసానికి ఎదగవు. పుట్టిన రోజే ఏరి పక్కన పెట్టి చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి నుంచి ఈ పని నేరమంది. మన దగ్గర కొన్ని అదృష్టవంతులు గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మునిగి, గంపలకెక్కి, జాతరలకీ బస్టాండ్లకీ చేరతాయి. పిల్లలు మారాం చేస్తారు, నాన్నలు కొంటారు, వారం తిరక్కుండా పెరట్లో చిన్న గొయ్యి తవ్వుతారు. గుడ్డు పెట్టే యోగం లేదు కనక అవి సుఖపడ్డాయో లేదో తేల్చే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

పెట్టకైనా ఆ యోగం డెబ్బై, ఎనభై వారాలు. గుడ్ల శాతం తగ్గగానే కాళ్ళు పట్టి గూట్లోంచి లాగి లారీకెత్తుతారు. అలా లాగడంలో, తరలించడంలో ఎముకలు పుటుక్కుమంటాయి. 1989లో బ్రిటన్‌లో కోతకి వెళ్ళే ముందు చూస్తే నూటికి 29 కోళ్ళకి ఏదో ఒక ఎముక అప్పుడే విరిగి ఉంది. ఆ తర్వాత అది 'లేయర్ కోడి' పేరుతో బ్రాయిలర్ కన్నా తక్కువ రేటుకి కొట్లో వేలాడుతుంది. కొనేవాళ్ళు ముందే అడుగుతారు. ముక్క గట్టిగా ఉంటుందా అని. "కాస్త గట్టేనండీ, కుక్కర్లో ఇంకో నాలుగు విజిల్స్ రానివ్వండి" అంటాడు కొట్టు కుర్రాడు, కత్తి తుడుచుకుంటూ. కోడి సుఖం సంగతి అతన్ని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు.