ఎదురు డబ్బిచ్చి పాఠం

విదేశాల్లో ఒక ముచ్చట ఉంది. డిగ్రీ కాగానే కుర్రకారు ఆఫ్రికాకో నేపాల్‌కో వెళ్లి, పల్లె బడిలో నాలుగు వారాలు ఇంగ్లిష్ చెప్పి వస్తారు. అందుకు ఏజెన్సీకి ఎదురు డబ్బు కడతారు! చంకన ఓ బుడతణ్ణి ఎత్తుకుని ఫొటో దిగితే రెజ్యూమేకి పనికొస్తుంది. పిల్లలకు మాత్రం నెలకో కొత్త సారు, మళ్లీ 'ఏ ఫర్ యాపిల్' మొదటి నుంచి.

నవ్వకండి. మనమేం తక్కువ తినలేదు. ఉమ్మడి రాష్ట్రంలో విద్యా వాలంటీర్లని పెట్టి, మేష్టారి పని చేయించుకుని, ఇచ్చేదానికి గౌరవ వేతనమని పేరు పెట్టాం. జీతమంటే పెంచమని అడుగుతారు కదా.

ఇక మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. అదే ఏడాది టీచర్ పోస్టులకు డీఎస్సీ పడింది. 2024లో 6,100 పోస్టులని ఇంకోటి వచ్చి, వచ్చినట్టే పోయింది. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పడేసరికి 2025 ఏప్రిల్. ఈలోగా బీఈడీ పట్టా బీరువాలో పెట్టి పలాసలో జీడిపప్పు బస్తాలు లెక్కపెట్టినవాడున్నాడు, టెక్కలి గ్రానైట్ క్వారీలో చిట్టా రాసినవాడున్నాడు. తుపాను తర్వాత నాటిన కొబ్బరి మొక్క వీళ్లకంటే ముందే కాపుకొచ్చింది.

ఎన్నారై బాబులూ! ఊరొచ్చి బడిలో ఫొటో దిగేముందు, హాజరు పట్టీలో మేష్టార్లు ఎందరున్నారో కాస్త లెక్కపెట్టండి.