ముద్దాయి: చూపుడువేలు

వారంటీ యనునది కోరగనే లభించు వరమనియు, దానిని పొందుటకు రసీదొక్కటి భద్రపరచుకొన్న చాలుననియు నమ్మి, మూడేండ్ల పూచీతో ల్యాప్‌టాపు కొన్న అమాయకులలో నేనొకడను. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడను సామెతను పుట్టించిన మహానుభావుడు ఏ కాలమువాడో గాని, అతడెన్నడో ఒక సర్వీసు సెంటరు మెట్లెక్కి దిగినవాడే అయియుండవలెనని ఇప్పుడు నాకు తోచుచున్నది.

నా యంత్రమునకు వచ్చిన జబ్బు చూచుటకు స్వల్పమే. రెండేండ్లు నిండిన పిదప, ట్రాక్‌ప్యాడుమీద వేలుంచినచో తెరమీది బాణము నేను పొమ్మన్న దిక్కునకు పోక, గతుకులో దిగబడిన బండివలె నడుమనే నిలిచి, అంతలోనే మూలకు దుముకుచుండెను. ఎంత నొక్కినను టిక్కుమనకుండెను. ఫోనులో మొరపెట్టుకొనగా అవతలి కంఠము, ఎంతయో ఓపికతో, ప్రాయశ్చిత్తములను వరుసగా వినిపించినది. డ్రైవరును తీసివేసి మరల వేయవలెను. బయాస్‌ను అప్‌డేటు చేయవలెను. ఛార్జరు పీకి పవర్ బటనును ముప్పది సెకన్లు నొక్కిపట్టవలెను. అప్పటికిని దోషము వదలనిచో సర్వమును ఫార్మాటు చేయవలెను. ఈ విధులు అర్థము లేనివని నేననను. ఆ పలక క్రింద సన్నని విద్యుద్వాహకములు పడుగుపేకలవలె అమరియుండును. వేలు దాపునకు వచ్చినపుడు విద్యుత్తును నిలుపుకొను వాని శక్తిలో కలుగు మార్పును కొలిచి, వేలెచ్చట నున్నదో యంత్రము గ్రహించును. కనుక తడిచేయియు, ఎర్తింగు లేని ప్లగ్గును సైతము బాణమును వెర్రెత్తింపగలవు. అయితే విండోస్ మేలుకొనకమునుపే, బయాస్ తెరమీదనే బాణము తడబడుచున్నదని మొదటి మాటలోనే నేను విన్నవించితిని. ఆ తెరమీద విండోస్ డ్రైవరునకు పనియే లేదు. అయినను, తాతకు జ్వరము వచ్చినదన్న మనుమని నోట మందు పోసినట్లు, నాచేత ఆ డ్రైవరును ముమ్మారు మార్పించిరి.

పదునైదు దినములు ఇట్లు గడచిన పిమ్మట యంత్రమును చంకనిడుకొని సర్వీసు సెంటరునకు పోతిని. బల్ల వెనుకనున్న కుర్రవాడు దానిని తలక్రిందులు చేసి, ఫోను టార్చి వెలిగించి, అంచున ఆవగింజంత గీతను పట్టుకొని, ‘‘ఇది సీఐడీ కింద వస్తుంది సార్’’ అనెను. నేర పరిశోధకులకు నాతో నేమి పని యని ఒక్క క్షణము నా గుండె ఝల్లుమనెను. అది కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజి అను మాటలకు సంక్షేపమనియు, కొనుగోలుదారు చేజేతుల తెచ్చుకొన్న చేటని దాని భావమనియు తరువాత తెలిసినది. ఆ పేరు పెట్టినవాడు సామాన్యుడు గాడు. పోలీసు వారి సీఐడీ, నేరము జరిగిన పిదప నేరస్థుని వెదకును. ఈ సీఐడీకి నేరస్థుడు ముందే సిద్ధముగా నున్నాడు, వెదకవలసినది నేరమును మాత్రమే. గీత లేనిచో సొట్ట. సొట్ట లేనిచో, చెమ్మ తగిలిన ఎర్రబారు చిన్న చీటీ లోపల ఉండనే యున్నది. నీరు తగిలినదని ఆ చీటీ చెప్పునే గాని, ఎవరు పోసిరో చెప్పదు. వేలితో తాకుటకే చేసిన పలక వేలు తాకుటవలన చెడినదన్న వాదము, ‘‘ఈ చెప్పులకు పూచీ కలదు, నడవకుండినచో’’ అను వర్తకుని మాటకు చాలదగిన తోబుట్టువు.

తిరిగి వచ్చుచు సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో, పదడుగుల కొట్టులో కూర్చున్న ఒక మెకానికునకు చూపితిని. అతడు మరయైనను విప్పలేదు. యంత్రమును మూసి, గాజుబల్లమీద పెట్టి, ఒక మూలను బొటనవ్రేలితో నొక్కెను. కాలు పొట్టియైన పీటవలె అది టకటక ఊగినది. ‘‘బ్యాటరీ ఉబ్బింది సార్. కింది నుంచి ప్యాడ్‌ను పైకి తోస్తోంది. ఇంక ఛార్జింగు పెట్టకండి, పగిలితే మంట లేస్తుంది’’ అని చెప్పి, తన టీ తాను త్రాగుచుండెను. లిథియం బ్యాటరీ ముదిరి లోపలి రసాయనము విచ్ఛిన్నమైనపుడు పుట్టిన వాయువు సంచిని పొంగించుననియు, ట్రాక్‌ప్యాడు దాని నెత్తినే యుండుటవలన నొక్కుటకు సందు లేకపోయెననియు అంతట బోధపడినది. పదునైదు దినముల ప్రాయశ్చిత్తము కనుగొనలేని కారణమును ఒక్క బొటనవ్రేలు కనుగొన్నది.

ఉత్సాహముతో మరునాడే సర్వీసు సెంటరునకు పరుగెత్తితిని. నా నిర్దోషిత్వమును వారు వెంటనే అంగీకరించిరి. అంతకంటె వేగముగా తీర్పును వినిపించిరి. ట్రాక్‌ప్యాడునకు మూడేండ్ల వారంటీ కలదు గాని, అందులో దోషము లేదు. బ్యాటరీలో దోషము కలదు గాని, దానికి వారంటీ ఏడాదియే. దోషమును పూచీయును ఒకే వస్తువునందు కలిసికొనకుండ ఇంత నేర్పుతో పత్రము వ్రాసినవారిని తర్కశాస్త్ర పండితులుగా సత్కరింపవలెను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై నుండి అమలులో నున్నది. అయిదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువునకై జిల్లా కమిషను నాశ్రయించుటకు రుసుమైనను లేదు. అంతవరకు పోవుటకు ముందు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పుకొందమని కూర్చుండి, అదే చూపుడువేలితో 1915 నొక్కితిని. నాలుగంకెలును తడబాటు లేక పడినవి. వేలిలో దోషము లేదని ఆ విధముగా రుజువైనది.